పాయింటు తిరిగిందా?

వార్నిషు కాలిన వాసన ఎట్లుంటుందో అనంతపురం జిల్లావాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. వోల్టేజి సరిగా రాని రాత్రి బోరు మోటారు గింజుకుని గింజుకుని పోతుంది. తెల్లారి స్టార్టరు పెట్టె మూత తీయకముందే ముక్కు చెప్పేస్తుంది, కాయిలు పోయిందని. రెండేళ్ల కిందట మే నెలలో, మిట్టమధ్యాహ్నం, అదే వాసన మా మిద్దె మీది గదిలోంచి దిగొచ్చింది. మా ఇంట్లో బోరు లేదు. పైన ఉన్నది ఏడో తరగతి చదివే మా మనవరాలూ, ప్లైవుడ్ పలక మీద నేను కట్టుకున్న బొమ్మరైలూ.

"తాతా, రైలు బాగానే ఉంది. కింద ఏందో కాలుతోంది" అని మెట్ల మీంచి అరిచింది.

పలక కిందికి తల పెట్టి చూస్తే బొటనవేలంత కాయిలు నల్లబడి పొగలు కక్కుతోంది. తప్పు దానిది కాదు. పైన ప్యానెల్లో పాపాయి నొక్కిన బటను లోపలికి పోయి అక్కడే ఇరుక్కుంది. లిప్తకాలం తాకి వదలాల్సిన కరెంటు, నేను అన్నం తిని చెయ్యి కడుక్కునేదాకా ఆ కాయిల్లో పారుతూనే ఉంది. ముప్పై ఆరేళ్లు రైల్వే సిగ్నల్ శాఖలో పాయింట్లు చూసుకుని రిటైరైన మనిషిని. అసలు రైల్వేలో ఎన్నడూ చెయ్యని తప్పు బొమ్మరైల్లో చేశాను. ఆ రోజు నుంచి పట్టాల పైన తిరిగే రైలు కన్నా పలక కింద తిరిగే తీగల మీదే నా మనసంతా.

మాది గుంతకల్లు. 1871లో మద్రాసు రైల్వే వాళ్ల దారి, బొంబాయి నుంచి వచ్చిన జీఐపీ రైల్వే వాళ్ల దారి రాయచూరు దగ్గర కలిసినప్పుడు మా ఊరు ఆ పెద్ద లైను మీద పడింది. తర్వాత బళ్లారి, హుబ్లీ వైపు ఒకటి, బెంగుళూరు వైపు ఒకటి, నంద్యాల మీదుగా గుంటూరు, బెజవాడ వైపు ఒకటి, మీటర్ గేజి దారులు వచ్చి కలిశాయి. 1956లో డివిజన్ అయింది. 1977లో దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేలోకి మారింది. నా చిన్నప్పుడు యార్డులో వెడల్పు పట్టాలూ సన్న పట్టాలూ పక్కపక్కనే ఉండేవి. ఒక బండిలోంచి దించిన మూటలు ఇంకో బండిలోకి ఎక్కించే హమాలీల కేకలు మా బడి దాకా వినిపించేవి. ఇప్పుడంతా బ్రాడ్ గేజే. ఆ పాత యార్డును మళ్లీ కళ్లజూడాలన్న ఆశతోనే ఎనిమిదడుగుల పలక తెచ్చుకున్నాను.

ఈ బొమ్మలకు లెక్క ఉంది. ప్రపంచమంతా ఎక్కువగా వాడే హెచ్.ఓ. సైజులో నిజమైనదానికి 87వ వంతు ఉంటుంది, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది ఐరోపా, అమెరికాల 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోయే కొలత. మన బ్రాడ్ గేజి 1676. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైమాట. అంటే నా పలక మీద గుంతకల్లు పట్టాలు రోంత ఇరుకు. మీటర్ గేజికి మాత్రం 12 మిల్లీమీటర్ల పట్టా దొరుకుతుంది, చానావరకు సరిపోతుంది. పట్టింపున్నవాళ్లు బ్రాడ్ గేజి పట్టాలను సొంతంగా తయారుచేసుకుంటారు. నాకంత ఓపిక లేదు.

ఇంతకీ పాయింటంటే ఏమిటి? రైలుకు స్టీరింగ్ లేదు. ఎటు పోవాలో డ్రైవరు చేతిలో లేదు, పట్టా చేతిలో ఉంది. దారి చీలే చోట రెండు కదలని పట్టాలుంటాయి, వాటిని స్టాక్ రైళ్లంటాం. వాటి మధ్య కత్తిలా సన్నగా చెక్కిన రెండు పట్టాలుంటాయి, అవి టంగ్ రైళ్లు, అంటే నాలుకలు. రెండు నాలుకలూ కలిసి ఒకేసారి కదులుతాయి. ఒకటి తన స్టాక్ రైలుకు అతుక్కుంటే రెండోది దూరం జరుగుతుంది. ఎటు అతుక్కుందో దాన్నిబట్టి చక్రం మెయిన్ లైన్లో పోతుంది, లేదా లూప్ లైన్లోకి తిరుగుతుంది. కొంచెం ముందుకు పోతే చీలిన దారుల్లోని లోపలి పట్టాలు రెండూ ఒకదాన్నొకటి దాటే చోటు వస్తుంది. దాన్ని మనం క్రాసింగ్ అంటాం. బొమ్మరైళ్లవాళ్లు 'ఫ్రాగ్' అంటారు, కప్పన్నమాట. ఆ కప్పతోనే అసలు తలనొప్పి. దాని సంగతి తర్వాత చెబుతాను.

స్టేషన్ల దగ్గర మెయిన్ లైన్లో మనవాళ్లు వాడే 1:12 పాయింటు దాదాపు 40 మీటర్ల పొడవు. నా పలక మీద అదే 46 సెంటీమీటర్లు అవుతుంది. ఎనిమిదడుగుల్లో అట్లాంటివి నాలుగు పెడితే రైలు నిలబడేందుకు చోటు మిగలదు. అందుకే బొమ్మరైళ్ల పాయింట్లన్నీ కురచగా ఉంటాయి. సరేలెమ్మని సర్దుకున్నాను.

ఆ నాలుకల్ని కదిలించేదెట్లా అంటే, అన్నిటికన్నా చవకైనది వేలు. నిజం చెబుతున్నా, చెయ్యి అందే దూరంలో ఉన్న పాయింటుకు వేలును మించిన మోటారు లేదు. కానీ మనవరాలికి ప్యానెల్ కావాలి, బటన్లు కావాలి, దీపాలు వెలగాలి. నాకూ అంతే అనుకోండి.

మొదట కొన్నది రెండు కాయిళ్ల రకం. మధ్యలో ఇనుప కడ్డీ, అటొక కాయిలు, ఇటొక కాయిలు. ఒకదానికి కరెంటు ఇస్తే కడ్డీ అటు దూకుతుంది, రెండోదానికిస్తే ఇటు. టప్పున శబ్దం, పని అయిపోయింది. నాలుక ఎటు పడితే అటే స్ప్రింగు పట్టుకుని ఉంటుంది కాబట్టి తర్వాత కరెంటు అక్కర్లేదు. చిక్కు ఎక్కడంటే ఆ టప్పుమనే క్షణంలో దానికి మూడు నాలుగు ఆంపియర్లు కావాలి. కాయిలు సన్నపు తీగతో చుట్టింది, అంత కరెంటును సెకనులో చిన్న వంతు మాత్రమే ఓర్చుకుంటుంది. అంతకు మించితే మే నెల వాసన.

ఇక్కడే మా బావమరిది సేద్యం గుర్తొచ్చింది. వాడిది ఉరవకొండ దగ్గర పల్లె. నాలుగు బోర్లు వేస్తే ఒకదాంట్లో వేలెడంత ధార వస్తుంది. ఆ ధారను నేరుగా చీనీచెట్ల కాలువలోకి వదిలితే మొదటి చెట్టు దగ్గరే భూమి తాగేస్తుంది, చివరి చెట్టుకు తడి కూడా అంటదు. అందుకని వాడు తొట్టి కట్టాడు. రాత్రంతా ఆ సన్నధార తొట్టిలో పడుతుంది. పొద్దున తూము తెరిస్తే ఒక్కసారిగా గుభేల్మని పారి చివరి చెట్టు దాకా పోతుంది. బోరు ఇచ్చిన నీళ్లు అవే. మారిందల్లా వదిలే తీరు.

కెపాసిటర్ అంటే అదే తొట్టి. సర్క్యూట్లో 4700 మైక్రోఫారడ్ల కెపాసిటరొకటి పెట్టి, 24 వోల్టుల చిన్న అడాప్టరుతో మెల్లగా నింపుతాం. రెండు మూడు సెకన్లలో నిండుతుంది. బటను నొక్కగానే అందులో ఉన్నదంతా ఒక్కపెట్టున కాయిల్లోకి దూకుతుంది. ఎంత శక్తి ఉంటుందని లెక్కేస్తే జౌలున్నర కూడా లేదు. కిలో బెల్లాన్ని జానెడు ఎత్తు లేపడానికి కూడా అది చాలదు. కానీ ఒక్క క్షణంలో పడుతుంది కాబట్టి కడ్డీ ఠక్కున దూకుతుంది. ఇంకా ముఖ్యమైన సంగతి, బటను ఇరుక్కుపోయినా ఏమీ కాదు. తొట్టి ఖాళీ అయ్యాక కాయిలుకు మిగిలేది అడాప్టరు నుంచి రెసిస్టరు గుండా వచ్చే సన్నధారే. దానికి కాయిలు వెచ్చబడదు కూడా. 'కెపాసిటర్ డిస్చార్జ్ యూనిట్' అని దీన్ని రెడీమేడ్‌గా అమ్ముతారు. ఒక కెపాసిటరు, ఒక రెసిస్టరు, ఒక డయోడు, ఒక ట్రాన్సిస్టరు ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. అన్ని పాయింట్లకూ కలిపి ఒక తొట్టి చాలు. ఒకేసారి మూడు పాయింట్లు తిప్పాలంటే మాత్రం తొట్టి పెద్దది చెయ్యాలి.

మా బావమరిది వచ్చి దాన్ని చూసి, "ఇంతేనా బావా? దీనికి ముప్పై ఆరేండ్లు ఉద్యోగం చేసినావా?" అన్నాడు. జవాబు చెప్పలేదు. చీనీకాయలు తెచ్చినోడితో ఎందుకు తగువు.

తీగల లావు సంగతి కూడా వాడి నోటి నుంచే వచ్చింది. తుంగభద్ర ఎగువ కాలువ వాళ్ల పొలాల వైపు వస్తుంది. కాలువ మొదట్లో ఉన్నవాళ్లకు వరి పండుతుంది, చివరన ఉన్నవాళ్లకు కాలువలో గడ్డి పండుతుంది. తీగలోనూ అదే న్యాయం. అర చదరపు మిల్లీమీటరు సన్నతీగను పదిమీటర్లు లాగితే, పోనూ రానూ ఇరవై మీటర్లు, దాదాపు 0.7 ఓముల అడ్డు. నాలుగు ఆంపియర్లు పారేటప్పుడు దారిలోనే మూడు వోల్టులు ఇంకిపోతాయి. గది చివరి పాయింటు సగం దూకి ఆగిపోతోందంటే మోటారును తిట్టి లాభం లేదు. ఇంటి వైరింగుకు వాడే ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే అదే దూరానికి పోయేది ఒక్క వోల్టే. అందుకని పలక కింద ఈ చివర నుంచి ఆ చివరదాకా లావు తీగలు రెండు వెన్నెముకలా పరిచి, ఎక్కడికక్కడ సన్నతీగలు జానెడు జానెడు దించాలి. పట్టాలకిచ్చే కరెంటుకూ ఇదే పద్ధతి. పట్టాల అతుకుల గుండా కరెంటు తనంతట తానే పోతుందిలే అనుకుంటే ఆరు నెలల్లో మా ఎర్రమట్టి దుమ్ము ఆ భ్రమ తీర్చేస్తుంది.

కాలిన కాయిలు స్థానంలో ఇంకో రకం మోటారు తెప్పించాను. అమెరికాలో సర్క్యూట్రాన్ వాళ్లు చేసే దాన్ని 'టార్టాయిస్' అంటారు, తాబేలు. పేరుకు తగ్గట్టే నాలుకను అటునుంచి ఇటు జరపడానికి మూడు సెకన్లు తీసుకుంటుంది. చూస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అసలు పాయింట్లు దూకవు మరి, నిదానంగా నడుస్తాయి. పన్నెండు వోల్టుల డీసీ చాలు. చివరికంటా పోయి ఆగిపోయాక కూడా కరెంటు తియ్యక్కర్లేదు. మోటారు అట్లాగే నొక్కిపెట్టి ఉంటుంది, తీసుకునేది పదిహేను మిల్లీ ఆంపియర్లు. ఇరవై మోటార్లున్నా అన్నీ కలిపి మూడువందల మిల్లీ ఆంపియర్లే. తిప్పాలంటే ప్లస్, మైనస్ తారుమారు చెయ్యాలి. దానికి ఆరు కాళ్ల స్విచ్చి వాడతాం. మధ్య రెండు కాళ్లు మోటారుకు, పై రెండిటికి ప్లస్ మైనస్, కింది రెండిటికి అవే అడ్డంగా కత్తెరలాగా. ఎలక్ట్రికల్ సామాన్ల అంగట్లో అడిగితే ఇస్తారు.

బెంగుళూరులో ఉండే మా అల్లుడు ఇవి చూసి, "ఎందుకు మామా ఇంత ఖర్చు? నూటయాభై రూపాయల సర్వో పెడితే సరి" అని ఒక నీలం డబ్బా తెచ్చిచ్చాడు. బొమ్మ విమానాల్లో రెక్కలు కదిలించేది. ఐదు వోల్టులు. సెకనుకు యాభైసార్లు చిన్న గుటకలు పంపితే, గుటక నిడివినిబట్టి చెయ్యి ఒక కోణంలో నిలుస్తుంది. ఒకటిన్నర మిల్లీసెకనుకు నడిమధ్యకు వస్తుంది. ఆర్డుయినో అనే చిన్న కంట్రోలరు పలక మీద పది వరుసల ప్రోగ్రాం రాస్తే పాయింటును ఎంత నిదానంగా కావాలంటే అంత నిదానంగా తిప్పుకోవచ్చు. చవక, పనిచేస్తుంది, నేను కాదనను. కానీ కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ చెయ్యి ఒకసారి ఉలిక్కిపడుతుంది. చక్రాల కింద నాలుక ఉలిక్కిపడటం నా కళ్ల ముందు జరిగితే తట్టుకోలేను. మా ఊళ్లో కరెంటు పోయి రావడం రోజుకెన్నిసార్లో మీకు తెలుసు. సర్వోలను సైడింగులకే పరిమితం చేశాను.

కరెంటు పోతే అసలు రైల్వేలో ఏం చేస్తారని పాప అడిగింది. స్టేషన్లో పాయింటు మోటారు నడిచేది 110 వోల్టుల డీసీ మీద. రిలే గది పక్కన బ్యాటరీ గది ఉంటుంది. రెండేసి వోల్టుల సెల్లులు యాభై ఐదు వరసగా కలిపి ఉంటాయి. ఊరంతా చీకటైనా పాయింటు తిరుగుతుంది. అది విన్నాక పిల్ల ఊరుకోలేదు, మనకు లేదేమని పట్టుబట్టింది. మా బావమరిది దగ్గర మందుకొట్టే స్ప్రేయరు పాడై మూలన పడుంది. అందులోని పన్నెండు వోల్టుల, ఎనిమిది ఆంపియర్ అవర్ల బ్యాటరీ పీకి తెచ్చాం. తాబేళ్లన్నిటినీ ఒక రోజు మొత్తం అది మోస్తుంది. రైలు ఆగిపోయినా పాయింట్లు పడుకోవు. మా ఇంటిది కాస్త తలకిందుల స్టేషను.

ఇంక కప్ప. పట్టాల మీది కరెంటుతో నడిచే రైలుకు ఎడమ పట్టా ఒక ధ్రువం, కుడి పట్టా ఇంకొకటి. రెండూ తాకితే షార్టే. మరి క్రాసింగ్ దగ్గర ఎడమ దారి పట్టా, కుడి దారి పట్టా ఒకే ముక్కలో కలుస్తాయి కదా. ఆ ముక్క ఎవరిది? రెండు ఊళ్ల పొలిమేరలో ఉన్న గట్టులాంటిది. రైలు మెయిన్ లైన్లో పోయేటప్పుడు ఒక ఊరిది కావాలి, లూప్‌లోకి పోయేటప్పుడు రెండో ఊరిది కావాలి. ఈ తగువు వద్దనుకున్న కంపెనీలు ఆ ముక్కను ప్లాస్టిక్‌తో చేస్తాయి. షార్టుండదు, కానీ అక్కడ కరెంటూ ఉండదు. పొడవాటి ఇంజను దాటిపోతుంది. నాలుగు చక్రాల షంటింగు ఇంజను మెల్లగా వచ్చిందంటే సరిగ్గా ఆ ముక్క మీద ఆగి చూస్తుంది. వేలితో నెట్టాలి. వేలితో నెట్టడానికే అయితే ఇంత తీగ ఎందుకు లాగినట్టు?

లోహపు కప్ప పెట్టి, పాయింటు తిరిగినప్పుడల్లా దాని ధ్రువం కూడా మారేట్టు చెయ్యడమే మందు. కప్పకు రెండు వైపులా లోపలి పట్టాల్లో ఇన్సులేషన్ జాయింటు వేసి దాన్ని విడదీయాలి, దాని నుంచి ఒక తీగ కిందికి దించి మూడు కాళ్ల స్విచ్చి మధ్యకాలుకు కలపాలి, మిగతా రెండు కాళ్లు రెండు పట్టాలకు. మోటారు కదిలితే స్విచ్చి కూడా కదలాలి. తాబేలు డబ్బాలో అట్లాంటి స్విచ్చిలు రెండు లోపలే ఉంటాయి. తొలిసారి కాళ్లు తారుమారు చేసి కలిపాను. పాయింటు మెయిన్‌కు పెడితే షార్టు, లూప్‌కు పెడితే షార్టు. రెండు రోజులు పట్టాలన్నీ వెదికి, మూడోనాడు తీగలు మారిస్తే నిమిషంలో పోయింది. మీకెప్పుడైనా పాయింటు ఎటు పెట్టినా షార్టయితే ముందు చూడాల్సింది అదే.

ఇవన్నీ బొమ్మరైళ్లు కట్టేవాళ్లు ఎవరైనా చెబుతారు. నేను చెప్పాలనుకున్నది ఇంకొకటుంది.

పనిలో చేరిన కొత్తలో సికింద్రాబాదు తార్నాకలో ఇరిసెట్‌కు శిక్షణకు పంపారు. సిగ్నల్ ఇంజనీరింగు నేర్పడానికి 1957లో పెట్టిన సంస్థ అది. అక్కడ మోడల్ రూము ఉంది. చిన్న పట్టాలు, చిన్న స్టేషన్లు, చిన్న సిగ్నళ్లు. దేశం నలుమూలల నుంచి వచ్చిన మీసాల మగవాళ్లు వాటి చుట్టూ పిల్లల్లా నిలబడేవాళ్లం. నా జీవితంలో చూసిన మొదటి బొమ్మరైలు అదే, ఆడుకోవడానికి కాదు, పాఠానికి. పాయింటు తిప్పే పనికి ఎన్ని తీగలు కావాలో, పాయింటు నిజంగా తిరిగిందని తెలుసుకునే పనికి ఎంత ఏర్పాటు కావాలో అక్కడ మొదటిసారి చూశాను. తిప్పడం చిన్నపని. తిరిగిందో లేదో తెలుసుకోవడం పెద్దపని. దాన్ని మేం 'డిటెక్షన్' అంటాం.

నిజమైన పాయింటు మోటారు మూడు పనులు వరుసగా చేస్తుంది. ముందు తాళం తీస్తుంది, తర్వాత నాలుకల్ని జరుపుతుంది, తర్వాత తాళం వేస్తుంది. తాళం పడ్డదని కాంటాక్టులు చెబితేనే ప్యానెల్లో దీపం వెలుగుతుంది, సిగ్నలుకు పసుపో పచ్చో ఇచ్చే దారి తెరుచుకుంటుంది. ఆ కాంటాక్టులు మోటారు మాట వినవు. ఒక్కొక్క నాలుకకూ తగిలించిన వేరే కడ్డీలు వాటిని కదిలిస్తాయి. పొలానికి నీళ్లు ఆపెయ్యమని లస్కరుకు చెప్పామనుకోండి. షట్టరు దించినానని లస్కరు అంటాడు. అది మోటారు చెప్పే మాట. పొలానికి పోయి కాలువలో చెయ్యి పెట్టి చూడటం డిటెక్షన్. మధ్యలో షట్టరు కింద రాయి ఇరుక్కుని ఉండొచ్చు, లస్కరు అబద్ధం చెప్పలేదు, నీళ్లు మాత్రం పారుతూనే ఉంటాయి.

రాయి నిజంగానే ఇరుక్కుంటుంది. ఒక రాత్రి యార్డులో పాయింటు రివర్స్ నుంచి, అంటే లూప్ వైపు నుంచి, నార్మల్‌కు, అంటే మెయిన్ వైపుకు రావడం లేదు. మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, లోపల క్లచ్చి జారుతోంది. టార్చి వేసి చూస్తే నాలుకకూ స్టాక్ రైలుకూ మధ్య నిమ్మకాయంత క్లింకరు గుండు. తాడిపత్రి సిమెంటు వైపు నుంచి వచ్చే వ్యాగన్లలోంచి అట్లాంటివి రాలుతుంటాయి. తీసి పారేశాను. వెంటనే తాళం పడ్డ చప్పుడు, క్యాబిన్ వైపు నుంచి సరేనన్న కేక. గూడ్సు అప్పటిదాకా ఎర్రదీపం ముందు నిలబడే ఉంది. డిటెక్షన్ లేకపోయుంటే అది ఆ సందు మీదికే వచ్చేది.

నియమం ఏమిటంటే, నాలుక కొనకు దగ్గర్లో, స్టాక్ రైలుకూ నాలుకకూ మధ్య ఐదు మిల్లీమీటర్ల మందం ముక్క అడ్డం పెట్టి పాయింటు తిప్పి చూడాలి. తాళం పడకూడదు, కాంటాక్టు కలవకూడదు, సిగ్నలు రాకూడదు. మా డ్యూటీలో మళ్లీ మళ్లీ చేసే పరీక్ష ఇది. ఎండలో రైలు పట్టా మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కే రోజుల్లో కూడా.

బొమ్మరైళ్లవాళ్లు దీన్ని పట్టించుకోరు. తాబేలు లోపలి స్విచ్చితోనే ప్యానెల్ దీపం వెలిగించి సంతోషిస్తారు. ఆ స్విచ్చి చెప్పేది మోటారు సంగతి. మోటారు నుంచి నాలుకకు పోయే సన్నటి స్టీలుతీగ ఊడిపోయినా దీపం పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. మా ఇంట్లో అట్లాగే వెలిగింది. పచ్చదీపం చూసి పాప రైలు వదిలింది. ఇంజను లూప్‌లో నిలబెట్టిన వ్యాగన్లను గుద్దింది. ప్లాస్టిక్ బఫరొకటి విరిగింది, అంతే. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లు ఉద్యోగం చేసి నేనే ఆ అబద్ధపు దీపం పెట్టాను.

మరుసటి రోజు నుంచి మోటారు స్విచ్చిని కప్ప ధ్రువానికే ఉంచి, దీపానికి వేరే తీగ వేశాను. రెండు నాలుకల్నీ కలిపే అడ్డపట్టీ చివర మైక్రో స్విచ్చి పెట్టాను, పట్టీ కడదాకా వస్తేనే నొక్కుకునేట్టు. నార్మల్‌కొకటి, రివర్సుకొకటి. రెండిట్లో ఏదీ నొక్కుకోకపోతే ప్యానెల్లో ఏ దీపమూ వెలగదు, ఆ ముందరి రెండడుగుల పట్టాకు కరెంటే రాదు. పదకొండు పాయింట్లకు ఇరవై రెండు స్విచ్చిలు. తిప్పే తీగల కన్నా తెలుసుకునే తీగలు ఎక్కువయ్యాయి. అచ్చం రైల్వే లెక్కే.

ఇన్ని తీగలు పలక కింద పడుకుని కలపాలంటే నా నడుము ఒప్పుకోలేదు. పలకకు ఒకవైపు బందులు వేసి, మంచాన్ని గోడకు నిలబెట్టినట్టు నిలబెట్టుకునేలా చేశాను. కుర్చీలో కూర్చుని సోల్డరింగు చేస్తాను. ప్రతి తీగకూ రెండు చివర్లా కాగితం ముక్క, నంబరు, నోటుబుక్కులో అదే నంబరు. ఈ అలవాటు లేనివాళ్లు ఆరు నెలల తర్వాత తమ తీగలు తామే గుర్తుపట్టలేరు.

తీగల పిచ్చి నాకొక్కడికే పట్టిందనుకునేరు. అమెరికాలో ఎంఐటీలో 1946లో బొమ్మరైళ్ల క్లబ్బు పెట్టారు. పైన రైళ్లు చూసి మురిసేవాళ్లు కొందరైతే, పలక కింద టెలిఫోను రిలేలతో పాయింట్లనూ కరెంటునూ నడిపించే 'సిగ్నల్స్ అండ్ పవర్' జట్టు వేరే. ఇప్పుడు కంప్యూటర్లలో వాడే 'హ్యాకర్' అనే మాట ఆ జట్టువాళ్ల నోట నలిగి బయటికొచ్చిందే. వాళ్లలో కొందరు 1950ల చివర్లో కంప్యూటర్ల వైపు పోయి తొలితరం ప్రోగ్రామర్లయ్యారు. ఈ సంగతి చెప్పినప్పటి నుంచి మా అల్లుడు నా పలకను రోంత మర్యాదగా చూస్తున్నాడు.

మా సీమ ఎండ గురించి ఒక మాట. డిసెంబరు తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ మా గదిలో పాతిక డిగ్రీల తేడా ఉంటుంది. ఎనిమిదడుగుల నికెల్ సిల్వర్ పట్టా ఆ తేడాకు మిల్లీమీటరు సాగుతుంది. అతుకుల్లో సందు వదలకపోతే పట్టా విల్లులా వంగుతుంది, పాయింటు దగ్గరైతే నాలుక స్టాక్ రైలును వదిలేస్తుంది. చలికాలంలో కట్టేటప్పుడు సందు కాస్త ఎక్కువే వదలండి. దుమ్ముకు మందు లేదు. పాత దుప్పటి కప్పి ఉంచుతాం, ఆదివారం ఆదివారం మైక్రో స్విచ్చిలను ఒకసారి నొక్కి వదులుతాం.

ఈ దసరా సెలవుల్లో పాప మళ్లీ వచ్చింది. రాగానే ప్యానెల్ ముందు కూర్చోలేదు. ఐదు మిల్లీమీటర్లను 87తో భాగిస్తే ఎంతని అడిగింది. 0.057 అని ఫోనులో లెక్కేసి తనే చెప్పి, పాత దినపత్రిక అంచు చింపింది. పత్రిక కాగితం మందం ఇంచుమించు అంతే. దాన్ని నాలుగో నంబరు నాలుక కొన దగ్గర అడ్డం పెట్టి, "తాతా, తిప్పు" అంది. తిప్పాను. పచ్చదీపం వెలిగింది.

"ఫెయిలు" అంది.

"అంత సన్నటిది ఏ మైక్రో స్విచ్చీ పట్టదమ్మా, ప్లాస్టిక్ పాయింటు ఇది" అన్నాను.

కాగితాన్ని రెండు మడతలు చేసింది. పచ్చ. ఇంకో మడత. పచ్చే. నాలుగో మడతకు దీపం వెలగలేదు. నోటుబుక్కు తీసి తేదీ వేసి, నాలుగో నంబరు పాయింటు పక్కన 'నాలుగు మడతలు' అని రాసుకుంది. తర్వాత ఐదో నంబరు దగ్గరికి జరిగింది. ఇంకా ఏడు ఉన్నాయి. కింద నుంచి వాళ్ల అవ్వ ఉగ్గాని చల్లారిపోతోందని పిలుస్తోంది.